ముంబైలో భారతీయ సినిమా జాతీయ మ్యూజియం: చూడబోయేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ మ్యూజియం ఎక్కడుంది? లోపల ఏముంటుంది?

దక్షిణ ముంబైలో, పెడ్డర్ రోడ్డు మీద ఉంది. ఆ రోడ్డు అసలు పేరు డాక్టర్ గోపాలరావు దేశ్‌ముఖ్ మార్గ్ అయినా, ఊళ్లో అందరూ పెడ్డర్ రోడ్డే అంటారు. ఒకప్పుడు ప్రభుత్వ డాక్యుమెంటరీలు తీసే సంస్థ ఫిల్మ్స్ డివిజన్ నడిచిన ఆవరణలోనే మ్యూజియం పెట్టారు. రెండు భవనాలున్నాయి. ఒకటి పంతొమ్మిదో శతాబ్దపు బంగళా గుల్షన్ మహల్, రెండోది దాని పక్కన కట్టిన కొత్త భవనం. 2019 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. ప్రదర్శనల రూపకల్పనకు సలహా ఇచ్చిన సంఘానికి సినీ దర్శకుడు శ్యామ్ బెనెగల్ అధ్యక్షుడు.

సినిమా తారల మైనపు బొమ్మలు, సెల్ఫీ సెట్టింగులు చూద్దామని వెళ్తే నిరాశే మిగులుతుంది. ఇక్కడ కథ యంత్రాలది, పోస్టర్లది, స్టూడియోలది, మాయమైపోయిన సినిమాలది.

టాక్సీ ఎక్కి 'మ్యూజియం' అంటే చాలా?

చాలదు. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ముంబైలో ఉత్తి 'మ్యూజియం' అంటే కాలా ఘోడా దగ్గరున్న ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయానికి తీసుకెళ్తారు. 'సినిమా మ్యూజియం, ఫిల్మ్' అని తడబడితే గోరేగావ్ ఫిల్మ్ సిటీ అనుకుంటారు. అది ఊరికి ఉత్తరపు కొసన, పాతిక కిలోమీటర్ల అవతల ఉంది. 'పెడ్డర్ రోడ్, ఫిల్మ్స్ డివిజన్' అనండి. ఆ సంస్థను జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీలో కలిపేసినా పాత పేరే ఇప్పటికీ పనికొస్తుంది.

ఇంకో మాట. దక్షిణ ముంబైలో ఆటోలు తిరగవు. బాంద్రా, సయన్ దాటి లోపలికి వాటికి అనుమతి లేదు. అందుకే గ్రాంట్ రోడ్ స్టేషన్ బయట నిలబడి ఆటో కోసం చూడకండి. మీటరు మీద నడిచే నలుపు పసుపు టాక్సీ గాని, 'బెస్ట్' అనే సిటీ బస్సు గాని ఎక్కాలి.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ నుంచి రైల్లో వస్తే ఎక్కడ దిగాలి?

హుస్సేన్‌సాగర్, కోణార్క్ లాంటి రైళ్లు ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్, అంటే సీఎస్‌ఎంటీ దాకా వస్తాయి. అక్కడ దిగితే ఇప్పుడు మెట్రో మూడో లైను తేలిక. సీఎస్‌ఎంటీ తర్వాత కాల్బాదేవి, గిర్గావ్, ఆ తర్వాత గ్రాంట్ రోడ్. అక్కడ దిగి టాక్సీ ఎక్కితే చాలు. ఇదే లైను విమానాశ్రయం రెండు టెర్మినళ్లకూ వెళ్తుంది కాబట్టి విమానంలో వచ్చేవాళ్లు కూడా ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా నేరుగా గ్రాంట్ రోడ్ చేరొచ్చు.

లోకల్ రైల్లో రావాలంటే దాదర్‌లో దిగి, వంతెన మీదుగా పశ్చిమ లైనుకు మారి, చర్చ్‌గేట్ వైపు వెళ్లే లోకల్ ఎక్కండి. మ్యాపులో మహాలక్ష్మి స్టేషన్ కూడా దగ్గరగానే కనిపిస్తుంది గానీ ఫాస్ట్ లోకల్ అక్కడ ఆగదు, నేరుగా ముంబై సెంట్రల్‌లోనే ఆగుతుంది. గ్రాంట్ రోడ్ దాని తర్వాతి స్టేషన్. ఉదయం ఎనిమిదిన్నర నుంచి పదిన్నర వరకు సూట్‌కేసులతో లోకల్ ఎక్కే ప్రయత్నం మానుకోండి. మ్యూజియం ఎలాగూ పదకొండుకు గానీ తెరవరు. సామాను స్టేషన్ క్లోక్‌రూములోనో, దిగిన హోటల్లోనో పెట్టి రావడం మంచిది.

ఏ రోజుల్లో తెరిచి ఉంటుంది? టికెట్ ఎంత?

మంగళవారం నుంచి ఆదివారం వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 6 దాకా. సోమవారం, ప్రభుత్వ సెలవు దినాల్లో మూసేస్తారు. టికెట్ భారతీయులకు 20 రూపాయలు, విదేశీయులకు 500 రూపాయలు. ఏదో ఒక గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి. గేటు దగ్గర భద్రతా తనిఖీ ఉంటుంది.

ఆదివారం మాత్రమే ముంబైలో ఉంటాం అనుకునేవాళ్లు ఆ ఆదివారం ఏదైనా జాతీయ సెలవు పడిందేమో చూసుకోవాలి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 తేదీల్లో ప్లాన్ చేసుకుని తలుపుల దాకా వచ్చి వెనక్కి తిరిగే కుటుంబాలు ఏటా ఉంటాయి. రెండేళ్లకోసారి డాక్యుమెంటరీలు, లఘుచిత్రాలు, యానిమేషన్ కోసం జరిగే ముంబై అంతర్జాతీయ చిత్రోత్సవం కూడా ఈ ఆవరణలోనే నడుస్తుంది. ఆ వారంలో సినిమాలు చూడాలంటే రండి గానీ, మ్యూజియం నింపాదిగా చూడాలంటే వేరే వారం ఎంచుకోండి.

ఎంతసేపు పడుతుంది? ముందు ఏ భవనం చూడాలి?

మూడు గంటలు పెట్టుకోండి. యంత్రాలంటే ఆసక్తి ఉన్నవాళ్లకు నాలుగు. గంటలో 'చుట్టేయడం' కుదురుతుంది, కానీ దానివల్ల బోర్డులు చదివిన అలసట తప్ప ఏమీ మిగలదు.

గుల్షన్ మహల్ ముందు, కొత్త భవనం తర్వాత. ఇందులో మొహమాటం అక్కర్లేదు. కొత్త భవనం మెరుస్తూ రమ్మని పిలుస్తుంది, ఏసీ ఉంటుంది, పిల్లలు అటే లాగుతారు. కానీ చరిత్ర వరసగా సాగేది పాత బంగళాలో. అక్కడ మూకీ, టాకీ, స్టూడియో అన్న మూడు మాటలు ఒంటబట్టాక కొత్త భవనంలో పరికరాలు చూస్తే ఒక్కొక్కటీ అర్థమవుతుంది. తిరగేసి చూస్తే అవి ఇనుప సామాను దుకాణంలా కనిపిస్తాయి.

మధ్యాహ్నం మూడు దాటాక లోపలికి వెళ్తే రెండో భవనం సగంలో ఉండగానే మూసే వేళ అవుతుంది. పదకొండుకో, పదకొండున్నరకో మొదలుపెట్టండి.

గుల్షన్ మహల్ ఎందుకంత ప్రత్యేకం?

ఒకప్పుడు సంపన్న ఖోజా ముస్లిం కుటుంబం ఇల్లు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో గాయపడ్డ సైనికులకు ఆసుపత్రిగా వాడారు. దేశ విభజన తర్వాత ప్రభుత్వం చేతికి వచ్చి, ఫిల్మ్స్ డివిజన్ ఆఫీసు అయింది. బాగుచేసి మ్యూజియం చేశారు. గదులన్నీ ఇంటి గదులే, హాళ్లు కావు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తూ, మెట్లెక్కుతూ చూడాలి. నలభై మంది స్కూలు పిల్లలు ఒకేసారి లోపలికొస్తే కదలడానికి చోటుండదు. అలాంటప్పుడు ఒక గది వదిలేసి ముందుకెళ్లి తర్వాత వెనక్కి రండి, ఎవరూ ఏమీ అనరు.

వరస ఇదీ: సినిమా పుట్టుక, అది భారతదేశానికి రావడం, మూకీ సినిమా, శబ్దం రావడం, స్టూడియోల కాలం, రెండో ప్రపంచ యుద్ధం ప్రభావం, ఆ తర్వాతి సృజన వెల్లువ, కొత్త కెరటం (న్యూ వేవ్), ప్రాంతీయ సినిమా. మొత్తం తొమ్మిది భాగాలు.

మొదటి గదుల్లో ఉన్న గుండ్రటి డబ్బాలు, అద్దాల చక్రాలు ఏమిటి? వాటి దగ్గర ఆగాలా?

ఆగాలి. తోలుబొమ్మలాట చూసినవాళ్లకు సగం విషయం ముందే తెలుసు. వెనక దీపం, ముందు తెర, మధ్యలో బొమ్మ. యూరప్‌లో మ్యాజిక్ లాంతరు అదే సూత్రంతో గాజు పలకల మీద బొమ్మలు వేసి చూపించింది. ముంబై పక్కనే ఉన్న కల్యాణ్‌లో మహాదేవ్ గోపాల్ పట్వర్ధన్ 1892లోనే 'శాంభరిక ఖరోలిక' పేరుతో మ్యాజిక్ లాంతరు ప్రదర్శనలు మొదలుపెట్టారు. అంటే సినిమా రాకముందే మనవాళ్లు చీకట్లో కూర్చుని వెలుగు బొమ్మలు చూడటం అలవాటు చేసుకున్నారు.

జోయట్రోప్ లాంటి గుండ్రటి డబ్బాకు నిలువు చీలికలు ఉంటాయి. తిప్పి, ఆ చీలికల్లోంచి చూడాలి. పైనుంచి చూస్తే బొమ్మలన్నీ అలుక్కుపోయి కనిపిస్తాయి. చీలికలోంచి చూస్తేనే గుర్రం పరుగెడుతుంది. రెండు చీలికల మధ్య వచ్చే క్షణకాలపు చీకటే బొమ్మను విడదీస్తోంది. ఈ ఒక్క విషయం ఇక్కడ గుర్తుపెట్టుకోండి, తర్వాత ప్రొజెక్టర్ దగ్గర ఇదే మళ్లీ వస్తుంది.

లూమియేర్ సోదరుల యంత్రం గొప్పతనం ఏమిటంటే ఒకే పెట్టె కెమెరాగా, ప్రింటు తీసే యంత్రంగా, ప్రొజెక్టర్‌గా మూడు రకాలుగా పనిచేసేది. పారిస్‌లో 1895 డిసెంబర్ 28న డబ్బులు తీసుకుని బొమ్మ వేశారు. ఏడు నెలలు తిరక్కుండానే, 1896 జూలై 7న, బొంబాయి వాట్సన్స్ హోటల్లో బొమ్మ పడింది.

మూకీ సినిమాలు పూర్తిగా ఎందుకు చూపించరు? అన్నీ ముక్కలే ఉన్నాయేం?

ముక్కలే మిగిలాయి కాబట్టి. భారతదేశంలో తీసిన మూకీలు పదమూడు వందలకు పైనే అని లెక్క. మిగిలినవి ముప్పై లోపు, అందులోనూ చాలా వరకు తునకలే. 1913 మే 3న గిర్గావ్ కోరొనేషన్ థియేటర్లో విడుదలైన ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' కూడా కొంత భాగమే మనకుంది. 1931 మార్చి 14న మెజెస్టిక్‌లో విడుదలైన తొలి టాకీ 'ఆలం ఆరా' ప్రింటు ఒక్కటి కూడా లేదు. ఫొటోలు, పోస్టర్లు, పాటల పుస్తకం మాత్రమే.

కారణాలు మూడు. అప్పటి ఫిల్ము నైట్రేట్. ఒకసారి అంటుకుంటే ఆక్సిజన్ తనే విడుదల చేసుకుంటూ మండుతుంది, నీళ్లలో ముంచినా ఆరదు. రెండోది తేమ, వేడి. మూడోది మనుషుల పని: ఆడటం అయిపోయిన ప్రింట్లలోంచి వెండి తీసుకుని అమ్మేసేవారు. పాత బొమ్మకు మళ్లీ గిరాకీ ఉంటుందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. అందుకే ఈ గదుల్లో ఒక ఫొటో కింద సినిమా పేరు కనిపిస్తే, 'ఇది ఇప్పుడు ఉందా?' అని ఫోన్లో వెతుక్కుంటూ నడవండి. గదంతా వేరేలా కనిపిస్తుంది.

తెలుగు సినిమా ఎక్కడుంది? ప్రాంతీయ సినిమా గది ఒక్కటేనా?

'తెలుగు' అని బోర్డు కోసం వెతికితే ఆ గదీ, కొత్త భవనంలో దేశమంతటి సినిమా గురించిన అంతస్తూ మాత్రమే కనిపిస్తాయి. అది చిన్న భాగం. మనవాళ్లకు ఇది అన్యాయంగా అనిపించడం సహజమే. కానీ పేర్లు తెలిసి వెళ్తే తెలుగు ఇంకా చాలా గదుల్లో ఉంది. ఈ పేర్లు రాసుకెళ్లండి.

మూకీల గది: మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుతూ, బొమ్మకు గ్రామఫోను శబ్దం జతచేసే క్రోనోమెగాఫోన్ కొని ఊరూరా చూపించారు. మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టారు. ఆయన కుమారుడు రఘుపతి ప్రకాశ్ 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. ఆ దశాబ్దం చివర కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్ బొంబాయి వెళ్లి మూకీ హీరో అయ్యారు. ఆయనకు 1980 సంవత్సరానికి ఫాల్కే అవార్డు వచ్చింది.

శబ్దం గది: ఇక్కడ ఎక్కువసేపు నిలబడాల్సింది మనమే. 'ఆలం ఆరా'లో చిన్న వేషాలు వేసిన ఏలూరు ప్రాంతపు కుర్రాడు ఎల్.వి.ప్రసాద్. అదే ఏడాది తమిళం, తెలుగు మాటలు వినిపించిన 'కాళిదాస్', ఆ తర్వాత తొలి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' రెండింటికీ దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి. ఎల్.వి.ప్రసాద్ ఆ రెండింట్లోనూ ఉన్నారు. ఒకే మనిషి హిందీ, తమిళ, తెలుగు తొలి టాకీలు మూడింటిలోనూ కనిపించడం అన్నమాట. పైగా 'భక్త ప్రహ్లాద' తీసింది బొంబాయిలోనే. 1932 ఫిబ్రవరి 6న మొదట విడుదలైంది కూడా బొంబాయి కృష్ణా థియేటర్లోనే. అంతకుముందు పుస్తకాల్లో 1931 సెప్టెంబర్ 15 అని ఉండేది. 1932 జనవరి 22 నాటి సెన్సారు వివరం దొరికాక అది తప్పని తేలింది.

స్టూడియోల గది: కొల్హాపూర్, పుణే, కలకత్తా పేర్లు చదువుతున్నప్పుడు అవి పరాయి ఊళ్లు అనుకోకండి. మద్రాసులో స్టూడియోలు నిలదొక్కుకునే దాకా తెలుగు నటులు, సంగీతం పార్టీలు రైలెక్కి అక్కడికే వెళ్లారు. సి.పుల్లయ్య 1934 'లవకుశ' కలకత్తా ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీది.

ఆ శబ్దం గదిలో అసలు ఏం గమనించాలి?

మైకు, దాని పక్కన కెమెరా చుట్టూ ఉన్న మందపు కవచం. మూకీ కెమెరా కుట్టు మిషన్‌లా శబ్దం చేసేది. మూకీకి అది ఇబ్బంది కాదు. టాకీ రాగానే కెమెరా నోరు మూయించాల్సి వచ్చింది. 'ఆలం ఆరా' తీసిన ఇంపీరియల్ స్టూడియో గ్రాంట్ రోడ్ దగ్గర, రైలు పట్టాల పక్కనే. పగలు రైళ్ల మోత. అందుకే లోకల్ రైళ్లు ఆగిపోయిన అర్ధరాత్రి దాటాక షూటింగ్ చేశారు. ఆడియో, బొమ్మ ఒకే ఫిల్ము మీద ఒకేసారి ఎక్కేవి, తర్వాత డబ్బింగ్ అనే సౌకర్యం లేదు. పాట కూడా అక్కడే పాడాలి, వాయిద్యాలవాళ్లు కెమెరాకు కనపడకుండా దాక్కోవాలి. ఆ రోజుల్లో నాటకాల్లో పద్యం పాడగలిగినవాళ్లకే వేషాలెందుకు వచ్చాయో ఆ మైకును చూస్తే తెలుస్తుంది.

ప్రొజెక్టర్ల ముందు నిలబడితే ఏం చూడాలి? అన్నీ ఒకేలా ఉన్నాయి.

ఒక్కదాన్నే ఎంచుకుని, ఫిల్ము దారి పట్టుకుని వేలితో గాలిలో గీస్తూ చూడండి. పైన రీలు. అక్కడి నుంచి పళ్ల చక్రం ఫిల్మును కిందికి లాగుతుంది. తర్వాత ఫిల్ము కొంచెం వదులుగా వంపు తిరిగి ఉంటుంది, దాన్ని ఆపరేటర్లు లూపు అంటారు. ఆ తర్వాత గేటు, అంటే దీపం ముందు ఫిల్ము ఒక్క క్షణం నిలబడే చోటు. గేటు కింద మళ్లీ ఒక లూపు. అక్కడి నుంచి శబ్దం చదివే భాగం. చివర కింద రీలు.

లూపులు ఎందుకు? గేటులో ఫిల్ము ఆగుతుంది, కదులుతుంది, ఆగుతుంది. సెకనుకు 24 సార్లు. ఆ ఆగడం కోసం నాలుగు చీలికల చిన్న చక్రం ఉంటుంది, దాన్నే మాల్టీస్ క్రాస్ అంటారు. అది కనిపిస్తే మిస్ కాకండి, సినిమా గుండె అదే. కానీ పైన, కింద ఉన్న పళ్ల చక్రాలు ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి. ఆగే చోటుకీ ఆగని చోటుకీ మధ్య ఆ వదులు లేకపోతే ఫిల్ము పటుక్కున తెగుతుంది. హాల్లో బొమ్మ ఎగిరెగిరి పడుతుంటే జనం 'రేయ్, ఆపరేటర్!' అని అరిచేవారు. చాలాసార్లు జరిగింది లూపు పోవడమే.

ఫిల్ము కిందికి జారేటప్పుడు షట్టరు రెక్క దీపాన్ని మూసేస్తుంది. లేదంటే జారే బొమ్మ తెర మీద గీతల్లా కనిపిస్తుంది. జోయట్రోప్ చీలిక గుర్తుందా? అదే పని. రెండు రెక్కల షట్టరు ఒక్కో బొమ్మను రెండుసార్లు చూపిస్తుంది కాబట్టి సెకనుకు 48 వెలుగులు. కళ్లకు మిణుకు తెలియకుండా ఉండటానికి ఈ ఏర్పాటు.

దీపం పెట్టె తెరిచి ఉంటే లోపల కార్బన్ కడ్డీలున్నాయో, జెనాన్ దీపముందో చూడండి. కార్బన్ అయితే కడ్డీలు కాలిపోతూ కురచవుతుంటాయి, వాటి మధ్య దూరం సరిచేస్తూ ఉండాలి. మన టూరింగ్ టాకీసుల్లో బొమ్మ మెల్లగా పసుపెక్కి మసకబారితే కడ్డీలు దూరమయ్యాయని అర్థం.

రీలు ముక్క అద్దంలో పెట్టారు. పక్కన ఉన్న అలల గీత ఏమిటి?

అది శబ్దం. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో ఒక్కో బొమ్మకు పక్కన నాలుగు చిల్లులు ఉంటాయి, లెక్కపెట్టండి. చిల్లులకూ బొమ్మకూ మధ్య సన్నటి దారిలో నలుపు తెలుపు అలలు కనిపిస్తాయి. దాని మీద వెలుగు పడి, అవతలి ఫొటో సెల్‌లో కరెంటు హెచ్చుతగ్గులై, స్పీకర్‌లో మాట అవుతుంది.

ఇంకో చమత్కారం. మీకు కనిపిస్తున్న బొమ్మ పక్కనే ఉన్న అల ఆ బొమ్మది కాదు. గేటులో ఫిల్ము ఆగి ఆగి కదులుతుంది, అక్కడ శబ్దం చదివితే గరగరలాడుతుంది. అందుకే ఫిల్ము సాఫీగా జారే చోట, గేటుకు దాదాపు 20 బొమ్మల ముందుకు, శబ్దం ముద్రిస్తారు. ఆపరేటర్ కింది లూపును మూడు నాలుగు బొమ్మలు ఎక్కువ తక్కువ చేస్తే పెదాలకూ మాటకూ పొంతన పోతుంది.

అడుగుకు 16 బొమ్మలు. నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు. రెండున్నర గంటల సినిమాకు 13,500 అడుగులు, అంటే పద్నాలుగు రీళ్లు. ఈ లెక్క జేబులో పెట్టుకుంటే తర్వాతి గదిలో అక్కరకొస్తుంది.

యుద్ధం గదిలో '11,000 అడుగులు' అన్న మాటకు అర్థమేమిటి?

రెండో ప్రపంచ యుద్ధంలో ముడి ఫిల్ము దిగుమతి కష్టమై, ప్రభుత్వం సినిమా నిడివి 11,000 అడుగులు దాటకూడదని నియంత్రణ పెట్టింది. పై లెక్కతో చూస్తే రెండు గంటల రెండు నిమిషాలు. అంతకుముందు మూడు గంటల పౌరాణికాలకు అలవాటుపడ్డ నిర్మాతలు పద్యాలు కోసుకోవాల్సి వచ్చింది. అదే కాలంలో యుద్ధపు లాభాల డబ్బు సినిమాల్లోకి వచ్చి, నెలజీతాల స్టూడియో పద్ధతి సడలి, హీరో పారితోషికమే బడ్జెట్ అయ్యే పద్ధతి మొదలైంది. ఇప్పుడు మనం తిట్టుకునే చాలా విషయాలకు మూలం ఈ చిన్న గదిలో ఉంది.

కొత్త భవనంలో ఏ అంతస్తుకు ఎంత సమయం ఇవ్వాలి?

నాలుగు అంతస్తులు, నాలుగు విషయాలు. మొదట గాంధీ, సినిమా. గాంధీజీకి సినిమా అంటే ఇష్టం లేదు, ఆయన కూర్చుని చూసిన భారతీయ చిత్రం 1943 నాటి 'రామరాజ్య' ఒక్కటే అంటారు. అయినా ఆయన మీద వచ్చిన సినిమాలకు లెక్కలేదు. ఎ.కె.చెట్టియార్ దేశదేశాలు తిరిగి ఫిల్ము సేకరించి 1940లో తీసిన గాంధీ డాక్యుమెంటరీకి తెలుగు వ్యాఖ్యానంతో కూడా ప్రతి వచ్చింది. ఇక్కడ అరగంట.

రెండోది పిల్లల స్టూడియో, దాని గురించి కింద రాశాం. మూడోది సాంకేతికత అంతస్తు. మీకు ఓపిక ఎంతుంటే అంత ఇక్కడే ఖర్చుపెట్టండి: కెమెరాలు, లెన్సులు, ఎడిటింగ్ బల్లలు, రికార్డింగ్ పరికరాలు. నాలుగోది దేశవ్యాప్త సినిమా. తెలుగు కోసం అక్కడికే ముందు పరుగెత్తకండి. ఒక్కో భాషకూ దొరికేది గోడలో కొంత మేరే.

పిల్లలతో వెళ్లొచ్చా?

ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు బాగుంటుంది. పిల్లల స్టూడియోలో బొమ్మలు ఎలా కదులుతాయో, శబ్దం ఎలా చేరుస్తారో చేసి చూడొచ్చు. అంతకంటే చిన్నవాళ్లు గుల్షన్ మహల్లో అరగంటకే విసుగుతారు. అలాంటప్పుడు పైన చెప్పిన వరస పక్కనపెట్టి ఒకరు పిల్లలతో కొత్త భవనంలో, ఇంకొకరు పాత బంగళాలో ఉండి మార్చుకోవడమే మేలు.

ముందురోజు ఇంట్లో ఒక పని చేయించండి. పాత నోట్‌బుక్ మూలన పేజీకో బొమ్మ చొప్పున ఇరవై నాలుగు బొమ్మలు గీయించి, వేలితో టపటపా తిప్పించండి. ఒక సెకను సినిమాకు ఎంత శ్రమో వాళ్లకే తెలుస్తుంది.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు చూడగలరా?

కొత్త భవనం సులువు. గుల్షన్ మహల్ పాత ఇల్లు, మెట్లుంటాయి. టికెట్ దగ్గరే విషయం చెప్పి, పైకి వెళ్లే దారి, కూర్చునే చోట్లు అడిగి తెలుసుకోండి. పెద్దవాళ్లతో వెళ్తే పోస్టర్ల దగ్గర వాళ్లను తొందరపెట్టకండి. నేల టికెట్ కొన్న రోజుల జ్ఞాపకాలు బోర్డుల కంటే బాగా చెప్తారు.

ఫొటోలు తీసుకోవచ్చా?

టికెట్ కొన్నప్పుడే అడిగి, చెప్పినట్టు చేయండి. ఫ్లాష్ మాత్రం ఎక్కడా వద్దు. పాత లిథో పోస్టర్లు, బట్టలు, కాగితాల రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి, ఆ నష్టం తిరిగి రాదు. అలాంటి వస్తువులకు మ్యూజియంలు సాధారణంగా 50 లక్సుల (లక్సు అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు మాత్రమే ఇస్తాయి. ఇంట్లో ట్యూబులైటు వెలుగులో ఇది చిన్న వంతు. గదులు మసకగా ఉన్నాయని ఫిర్యాదు చేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. గాజు మీద మీ నీడ పడకుండా ఫొటో రావాలంటే ఫోన్ను గాజుకు దగ్గరగా, కొద్దిగా పక్కకు వంచి పట్టుకోండి.

తెలుగులో వివరాలు ఉంటాయా?

ఉండవు. ఇంగ్లీషు, హిందీ చదవలేని పెద్దవాళ్లకు పక్కన ఒకరుండి చెప్పాలి. అన్ని బోర్డులూ అనువదించి చెప్పబోతే మీ గొంతూ వాళ్ల ఓపికా రెండూ పోతాయి. గదికి రెండు వస్తువులు చొప్పున ఎంచుకోండి.

భోజనం సంగతి?

కడుపు నింపుకుని వెళ్లండి, నీళ్ల సీసా బ్యాగులో ఉంచుకోండి. ప్రదర్శన గదుల్లో తినడం, తాగడం కూడదు. ఇడ్లీ, సాంబారు లేకపోతే ప్రాణం నిలవదు అనుకునేవాళ్లు ఉదయమే దాదర్ పక్కనున్న మాటుంగాలో దిగి, అక్కడి ఉడిపి హోటళ్లలో టిఫిన్ చేసి బయల్దేరితే రోజంతా గొడవ ఉండదు.

ఏ నెలలు మంచివి?

నవంబర్ నుంచి ఫిబ్రవరి. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు కుండపోత వాన పడితే లోకల్ రైళ్లు ఆగుతాయి, పట్టాలు మునుగుతాయి. అలాంటి రోజున మ్యూజియం చూడగలిగినా తిరిగి స్టేషన్ చేరడం కష్టం. వినాయక నిమజ్జనం రోజున, ముఖ్యంగా అనంత చతుర్దశి నాడు, గిర్గావ్ చౌపాటీ చుట్టుపక్కల రోడ్లు మూసేస్తారు. ఆ రోజు ఈ వైపు రాకండి.

అదే రోజు దగ్గర్లో ఇంకేం చూడొచ్చు?

గాంధీ అంతస్తు నచ్చితే గామ్‌దేవిలోని మణిభవన్ దగ్గరే. 1917 నుంచి 1934 వరకు గాంధీజీ బొంబాయి వచ్చినప్పుడు ఉన్న ఇల్లు అది. సినిమా మీదే దృష్టి ఉంటే గిర్గావ్ వైపు రాయల్ ఒపెరా హౌస్ బయటి నుంచైనా చూడండి, బాగుచేసి 2016లో మళ్లీ తెరిచారు. కోరొనేషన్, మెజెస్టిక్ థియేటర్ల కోసం వెతక్కండి. అవి లేవు. వాట్సన్స్ హోటల్ భవనం కాలా ఘోడా దగ్గర ఇంకా నిలబడి ఉంది గానీ శిథిలమైంది, రోడ్డు అవతల నుంచి చూసి రావాల్సిందే.

షూటింగులు చూడొచ్చా?

ఇక్కడ షూటింగులుండవు.

మా ఇంట్లో పాత రీళ్లు, పాటల పుస్తకాలు, పోస్టర్లు ఉన్నాయి. ఏం చేయాలి?

మ్యూజియం చూసి వచ్చాక అటక మీది పెట్టె గుర్తొచ్చేవాళ్లు చాలామందే. ముందు రీళ్ల సంగతి. అంచు మీద ఇంగ్లీషులో 'సేఫ్టీ' అని ఉందో, 'నైట్రేట్' అని ఉందో వెలుతురుకు పెట్టి చదవండి. అగ్గిపుల్ల గీసి పరీక్షించే పని మాత్రం చేయకండి. 1950ల మొదటి ఏళ్ల కంటే పాతదై 'సేఫ్టీ' అని లేకపోతే నైట్రేట్ అనుకునే జాగ్రత్తపడాలి. అలాంటిది ఇంట్లో ఉంచకూడదు, కొరియర్లోనో, రైల్లోనో పంపకూడదు. 1964లో పుణేలో పెట్టిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు రాసి, తీసుకెళ్లే పద్ధతి వాళ్లనే అడగండి.

డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన ముక్కుకు కొడితే, ఎసిటేట్ ఫిల్ము, అంటే 'సేఫ్టీ' రకం, పాడవుతోందని అర్థం. ఆ ఆవిరి పక్క రీళ్లను కూడా పాడుచేస్తుంది కాబట్టి దాన్ని విడిగా పెట్టండి. ప్లాస్టిక్ సంచి ఉంటే తీసేయండి, చల్లగా, పొడిగా ఉండే గదిలో నేలకు ఎత్తుగా, రీలు పడుకునేలా ఉంచండి. వంటింటి అటక, మేడమీద రేకుల గది రెండూ పనికిరావు. సరదాకి కూడా ప్రొజెక్టర్లో వేయకండి. కుంచించుకుపోయిన ఫిల్ము చిల్లులు పళ్ల చక్రంతో కలవక వరసగా చిరిగిపోతాయి.

పాటల పుస్తకాలకు, పోస్టర్లకు సెల్లో టేపు, లామినేషన్ రెండూ వద్దు. టేపు జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మరకై కాగితంలోకి ఇంకుతుంది, లామినేషన్ వేస్తే తర్వాత ఎవరూ విప్పలేరు. స్టేపుల్ పిన్నులు తుప్పు పట్టి ఉంటే నెమ్మదిగా తీసి, పుటల వరస మీద పెన్సిల్‌తో నంబరు వేసి, ఆమ్లం లేని కాగితపు కవర్లో పెట్టండి. వెనక అట్ట మీద థియేటర్ రబ్బరు ముద్రో, ఎవరో చేత్తో రాసిన తేదీనో ఉంటే దాన్ని తుడిచేయకండి. ఆ సినిమా ఆ ఊళ్లో ఎప్పుడాడిందో చెప్పే ఆధారం అదొక్కటే కావచ్చు.